భూమి అమ్మి విదేశంలో మెడిసిన్ చదివిస్తామంటున్నారు, ఒప్పుకోవాలా?

నల్లగొండ జిల్లా మునుగోడు ప్రాంతంలోని ఒక గ్రామం నుంచి, ఈ ఏడాది ఇంటర్మీడియట్ బైపీసీ పూర్తిచేసిన ఒక అమ్మాయి ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరారు. ఆమె నీట్‌లో అర్హత సాధించారు గాని, కన్వీనర్ కోటాలో ఎంబీబీఎస్ సీటు వచ్చేంత ర్యాంకు రాలేదు. ఎప్‌సెట్ అగ్రికల్చర్ విభాగంలో మాత్రం మంచి ర్యాంకే వచ్చింది. తండ్రికి నాలుగెకరాల పొలం ఉంది, అందులో రెండెకరాలు బత్తాయి తోట. తమ్ముడు పదో తరగతి చదువుతున్నాడు. మేనమామ ఆమెను నల్లగొండలో తన స్నేహితుడు నడుపుతున్న కన్సల్టెన్సీకి తీసుకువెళ్లారు. మధ్య ఆసియాలోని ఒక దేశంలో ‘ఐదేళ్లలో డాక్టర్’ కావచ్చునని, హాస్టలు, భోజనంతో కలిపి మొత్తం ప్యాకేజీ 26 లక్షలని, నెలాఖరులోగా లక్ష రూపాయలు అడ్వాన్సు కట్టకపోతే సీటు పోతుందని అక్కడివారు చెప్పారు. తండ్రి తోట కాని రెండెకరాలను అమ్మడానికి బేరం మాట్లాడుతున్నారు. తల్లి ఔననీ అనడం లేదు, కాదనీ అనడం లేదు. కాలేజీలో ఒక మేడమ్ బీఎస్సీ నర్సింగ్ చదవమని సలహా ఇస్తే ఇంట్లో ఎవరికీ నచ్చలేదు.

ఉత్తరం చివర ఆమె ఇలా రాశారు: “మా నాయనమ్మ ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి నడుము వంగిపోయి, చనిపోయేదాకా గోడ పట్టుకునే నడిచింది. ఆమెను చూసే డాక్టర్ని కావాలనుకున్నాను. కానీ నా కోసం భూమి అమ్మితే తమ్మునికి ఏం మిగులుతుంది? వద్దంటే, డాక్టర్ని కాలేకపోయానని రేపు నేనే ఏడుస్తానేమో. ఏ చదువో, ఏ ఊరో, ఏ దేశమో ఏదీ తేలడం లేదు.”

అమ్మా, ముందుగా మీ ఉత్తరంలో ఒకదానితో ఒకటి చిక్కుపడిన మూడు ప్రశ్నలను విడదీయవలసి ఉంది. ముప్ఫయి ఏళ్ల వయసులో మీరు ప్రతి ఉదయం లేచి ఏ పని చేస్తూ ఉండాలనుకుంటున్నారన్నది మొదటి ప్రశ్న. ఆ పనికి తీసుకువెళ్లే చదువు ఏదన్నది రెండోది. ఆ చదువు ఎక్కడ దొరుకుతుందన్నది మూడోది. మీ ఇంట్లో మూడో ప్రశ్నకు జవాబు ముందే ఖాయమైంది, దాని వెంట రెండోది వచ్చింది, మొదటి ప్రశ్నను మాత్రం ఎవరూ మిమ్మల్ని అడిగినట్టు లేదు. మీకు ఏదీ తేలకపోవడానికి కారణం ఇదేనని నాకు అనిపిస్తోంది.

నెలాఖరు గడువు సంగతి మొదట తేలుద్దాం, ఎందుకంటే అది మీ మెడ మీద ఉన్నంతసేపూ మిగతా ఏ ఆలోచనా స్థిమితంగా సాగదు. విదేశంలో వైద్యవిద్య చదవడానికి నీట్ అర్హత ఉండి తీరాలి, అది మీకు ఉంది. ఆ అర్హత విదేశీ చదువుకు మూడేళ్లపాటు చెల్లుతుంది. కాబట్టి ఈ నెల దాటినా, ఈ ఏడాది దాటినా ఆ దారి మూసుకుపోదు. నెలాఖరు అన్నది కన్సల్టెన్సీ పెట్టిన గడువు, మీ చదువుకు ఉన్న గడువు కాదు. మీరు పంపిన రసీదు నమూనా ఫొటోను పెద్దది చేసి చూశాను. పైన పెద్ద అక్షరాలతో ‘అడ్మిషన్ అడ్వాన్స్’ అని ఉంది, విశ్వవిద్యాలయం పేరు రాయవలసిన గీత ఖాళీగా ఉంది, అడుగున చిన్న అక్షరాలతో ‘ఎట్టి పరిస్థితులలోను వాపసు ఇవ్వబడదు’ అని ఉంది. ఏ విశ్వవిద్యాలయంలో సీటుకు కడుతున్నామో రాయని కాగితం మీద లక్ష రూపాయలు కట్టవద్దని మాత్రం నేను గట్టిగానే చెబుతాను. ఈ జవాబులో మిగిలినవన్నీ మీరు తూచుకోవలసినవి, ఇది మాత్రం తూచనక్కరలేనిది.

ఇక ‘ఐదేళ్లలో డాక్టర్’ అన్న మాట. జాతీయ వైద్య కమిషన్ 2021 నవంబరులో తెచ్చిన నిబంధనల ప్రకారం, విదేశంలో వైద్యవిద్య చదివినవారు ఇక్కడ ప్రాక్టీసు చేయాలంటే అక్కడి కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, దాని తరువాత అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. రెండూ కలిపితే 66 నెలలు, అంటే ఐదున్నరేళ్లు. ఐదేళ్లంటే 60 నెలలే. కన్సల్టెన్సీ చెప్పిన లెక్క నిజమైతే ఆ డిగ్రీ ఇక్కడ చెల్లదు, డిగ్రీ చెల్లుతుందన్నది నిజమైతే వారి లెక్క తప్పు. బోధన ఆంగ్లంలో సాగాలి, ఆ డిగ్రీతో ఆ దేశ పౌరులతో సమానంగా అక్కడ ప్రాక్టీసుకు అర్హత రావాలి, చేరిన పదేళ్లలోపు అన్నీ పూర్తికావాలి అన్న షరతులు కూడా ఉన్నాయి. తిరిగి వచ్చాక 300 మార్కుల అర్హత పరీక్షలో 150 తెచ్చుకోవాలి, ఆపైన ఇక్కడ మరో ఏడాది ఇంటర్న్‌షిప్ చేయాలి. 2024 జూన్ విడతలో ఆ పరీక్ష రాసిన ప్రతి అయిదుగురిలో ఇంచుమించు ఒకరే గట్టెక్కారు. మొదటిసారే ఉత్తీర్ణులైనా మీ చేతికి రిజిస్ట్రేషన్ వచ్చేసరికి ఏడేళ్లు దాటుతుంది. అప్పటికి తమ్ముడు డిగ్రీ ముగించి ఉంటాడు.

ఆ పరీక్ష నెగ్గి నల్లగొండలోనూ హైదరాబాదులోనూ చక్కగా వైద్యం చేస్తున్నవారు నాకు తెలుసు, కాబట్టి విదేశీ ఎంబీబీఎస్ అంతా మోసమని నేను అనను. కానీ ఏ దారి ఎంచుకునేటప్పుడైనా చివరికి ఏమవుతామన్నదానితో పాటు, మధ్యలో ఆగితే చేతిలో ఏం మిగులుతుందన్నది కూడా చూడాలి. పొలం పనిలో పెరిగినవారికి ఇది కొత్త సంగతి కాదు. బోరు వేసేటప్పుడు మీ నాయన ఎన్ని అడుగుల దాకా దిగి ఆపాలో ముందే అనుకుని ఉంటారు. 2022లో యుద్ధం వల్ల ఉక్రెయిన్ నుంచి మధ్యలో తిరిగివచ్చిన ఒక అబ్బాయి తండ్రి నా దగ్గరకు వచ్చారు. సంచీలోంచి పాలిథిన్ కవరు తీసి, అందులోంచి మూడేళ్ల ఫీజు రసీదులు ఒక్కొక్కటే బల్ల మీద పరిచి, “వీటికి ఇక్కడ ఏమైనా విలువ ఉందా సార్?” అని అడిగారు. అలా వచ్చినవారిని ఇక్కడి కళాశాలల్లో సర్దడానికి అనుమతి దొరకలేదు, చాలామంది మరో దేశానికి మారి చదువు కొనసాగించవలసి వచ్చింది. ఆ తండ్రి మళ్లీ అప్పు తెచ్చారు. యుద్ధమే రావలసిన పనిలేదు, ఒంట్లో బాగుండక ఆగినా, డబ్బు అందక ఆగినా, మూడేళ్లు చదివిన వైద్యవిద్యకు సగం డిగ్రీ అంటూ ఉండదు.

డబ్బు సంగతికి వస్తే, 26 లక్షల్లో ఏవి కలిశాయో, ఏవి కలవలేదో కాగితం మీద రాయించుకోండి. విమాన టిక్కెట్లు, ఏటేటా వీసా పొడిగింపు, బీమా, చలి బట్టలు, తిరిగి వచ్చాక అర్హత పరీక్ష కోచింగు సాధారణంగా అందులో ఉండవు. ఫీజు డాలర్లలో ఉంటుంది. ఏడాదికి 5,000 డాలర్ల ఫీజు అనుకుంటే, డాలరు అయిదు రూపాయలు పెరిగినప్పుడల్లా మీ నాయన మీద 25,000 రూపాయలు అదనంగా పడతాయి. బ్యాంకు రుణం గురించి ఇంట్లో ఎందుకు అనుకోలేదని నాకు మొదట అనిపించింది. ఏడున్నర లక్షలు దాటిన విద్యారుణానికి బ్యాంకులు ఆస్తి హామీ అడుగుతాయి, బాకీ కింద వ్యవసాయ భూమిని స్వాధీనం చేసుకోవడం చట్టరీత్యా కష్టం కనుక దానిని హామీగా తీసుకోవడానికి వెనకాడతాయి. అందుకే మన రైతుల ముందు అమ్మకం ఒక్కటే దారిలా నిలబడుతుంది. అయినా సరే అదే మీ నిర్ణయమైతే, కనీసం అదే విశ్వవిద్యాలయంలో నాలుగో ఏడాది, అయిదో ఏడాది చదువుతున్న తెలుగు విద్యార్థులతో కన్సల్టెన్సీ ప్రమేయం లేకుండా మాట్లాడండి. మొదటి ఏడాదివారితో మాట్లాడి ప్రయోజనం లేదు, వారింకా ఆసుపత్రి వార్డు మెట్లు ఎక్కి ఉండరు. వార్డులో రోగి ఏ భాషలో మాట్లాడతాడో, ఆ భాష తమకు ఎంత వచ్చిందో, రోగిని తామే పరీక్షిస్తున్నారో లేక దూరంగా నిలబడి చూస్తున్నారో అడగండి. డబ్బు నేరుగా విశ్వవిద్యాలయం ఖాతాకే, ఏడాదికి ఏడాదే కట్టండి.

ఇప్పుడు మీ నాయనమ్మ గురించి మాట్లాడతాను, ఎందుకంటే మీ ఉత్తరానికి అసలు ప్రాణం అక్కడ ఉంది. ఆమె బాధకు మూలం ఆసుపత్రిలో లేదు, బోరునీటిలో ఉంది. మన ప్రాంతపు గ్రానైటు రాళ్లలోని ఫ్లోరైడు నీటిలో కరిగి, లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల హద్దు దాటి, ఏళ్ల తరబడి తాగినవారి ఎముకల్లో చేరింది. ఎముక ఒకసారి వంగిపోయాక దాన్ని తిరిగి నిలబెట్టే మందు ఏ వైద్యుడి దగ్గరా లేదు. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి ప్రపంచమంతటా మన జిల్లా పేరే, ‘నల్లగొండ టెక్నిక్’ అని ఉంది. 1970లలో దాన్ని రూపొందించింది నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ. తరువాత కృష్ణా నీటిని ఇంటింటికీ తెచ్చింది ఇంజనీర్లు. ఇదంతా వైద్యం నుంచి మీ మనసు మళ్లించడానికి చెప్పడం లేదు. అలాంటి మనుషులకు మేలు చేయాలన్న కోరిక నెరవేరడానికి తెల్లకోటు ఒక్కటే దారి కాదన్నది మీకు తెలియాలనే చెబుతున్నాను. ఒకవేళ మీకు కావలసింది రోగి పక్కన కూర్చుని, నాడి పట్టుకుని, రాత్రి డ్యూటీలు చేసే జీవితమే అయితే అది వేరే సంగతి, అప్పుడు వైద్యాన్ని వదులుకోకండి. ఈ రెంటిలో మీది ఏదో మీరే చెప్పగలరు.

మీ ఉత్తరం మూడో పేజీలో, మరో విషయం చెబుతూ మధ్యలో ఒక వాక్యం రాశారు: “పోయిన ఏడాది తోటలో చెట్లు కొసల నుంచి ఎండుతుంటే, ఆకులు, వేర్లు కవరులో పెట్టుకుని కొండమల్లేపల్లి పరిశోధన కేంద్రానికి పోయి చూపించింది నేనే.” ఆరు పేజీల్లో ఎవరూ చెప్పకుండా మీరు స్వయంగా చేసిన పని అదొక్కటే కనిపించింది. ఆకులతో పాటు వేర్లు కూడా తీసుకువెళ్లాలని ఎవరు చెప్పారు మీకు? కొమ్మ కొసన కనిపించే ఎండుకు కారణం వేరు కుళ్లులో ఉండవచ్చునని ఊహించడం, చూసేచోట ఆగకుండా కిందికి తవ్వడం, మంచి వైద్యుడికి ఉండవలసిన గుణమే, మంచి వ్యవసాయ శాస్త్రవేత్తకు ఉండవలసిన గుణమూ అదే. ఆ రోజు బస్సులో తిరిగి వస్తున్నప్పుడు మీ మనసు ఎలా ఉందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

ఎప్‌సెట్ ర్యాంకుతో మీ ముందు బీఎస్సీ అగ్రికల్చర్, బీఎస్సీ హార్టికల్చర్ ఉన్నాయి, రెండూ నాలుగేళ్ల కోర్సులే. ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి రాజేంద్రనగర్‌తో పాటు నాగర్‌కర్నూల్ జిల్లా పాలెంలో కళాశాల ఉంది. కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయానికి వనపర్తి జిల్లా మోజెర్లలో కళాశాల ఉంది. రైతు కుటుంబాల పిల్లలకు ఈ సీట్లలో ప్రత్యేక కోటా ఉంది, దానికి మీరు సరిపోయే అవకాశం ఉంది. చదువు ముగిశాక మండల వ్యవసాయాధికారి, ఉద్యాన అధికారి ఉద్యోగాలకు పోటీ పడవచ్చు, బ్యాంకుల్లో వ్యవసాయ అధికారులుగా చేరవచ్చు, ఎమ్మెస్సీ, పీహెచ్‌డీల వైపు వెళ్లవచ్చు. ఇక్కడ కష్టం కూడా చెప్పాలి: ప్రభుత్వ నోటిఫికేషన్లు ఎప్పుడు వస్తాయో తెలియదు, రెండు మూడేళ్లు ఎదురుచూసినవారు ఉన్నారు, ఎరువుల, విత్తనాల కంపెనీల్లో దొరికే తొలి ఉద్యోగాల జీతం మీ మేనమామ ఊహించే డాక్టరు సంపాదనకు దరిదాపుల్లో ఉండదు.

విదేశం మీద ఆశ ఉంటే అది ఈ దారిలో పోదు, నాలుగేళ్లు వెనక్కి జరుగుతుంది, అంతే. మీరు బీసీలమని రాశారు. మహాత్మా జ్యోతిబా ఫూలే బీసీ విదేశీ విద్యానిధి కింద రాష్ట్ర ప్రభుత్వం విదేశాల్లో పీజీ, పీహెచ్‌డీ చదివేవారికి 20 లక్షల రూపాయల దాకా సాయం చేస్తుంది. కుటుంబ ఆదాయ పరిమితి, డిగ్రీ మార్కులు, ఆంగ్ల పరీక్ష వంటి షరతులు ఉన్నాయి, ఎంపికలో పోటీ కూడా ఉంది. అయితే ఆ సాయం డిగ్రీ పూర్తయినవారికే, ఇంటర్ తరువాత ఎంబీబీఎస్‌కు వెళ్లేవారికి రాదు. అదే విదేశానికి ఇప్పుడు వెళితే మీ నాయన భూమి ఖర్చవుతుంది, నాలుగేళ్లాగి వెళితే ప్రభుత్వ సాయం అందే అవకాశం ఉంది. నాకు ఇది చిన్న తేడాగా కనిపించడం లేదు.

మరొక తలుపు మీరు తట్టి చూసినట్టు లేదు. మన రాష్ట్రంలో పశువైద్య డిగ్రీ సీట్లు కూడా ఉన్నాయి. ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్ల చదువు, సీట్లు తక్కువ, కానీ దరఖాస్తు చేయకుండా వదిలేయకండి.

లాంగ్‌టర్మ్ కోచింగు తీసుకుని మళ్లీ నీట్ రాయడం మంచిదేనా అని ఒక వాక్యంలో అడిగారు. కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం ప్రకటించే జాబితాల్లో, మీ కేటగిరీలో కన్వీనర్ సీటు వచ్చిన ఆఖరి అభ్యర్థి మార్కులెన్నో చూసి, మీ మార్కులను పక్కన పెట్టుకోండి. తేడా నలభై మార్కులైతే అది పది ప్రశ్నలు, ఒక ఏడాది కష్టానికి అందే దూరమే. తేడా నూట యాభై అయితే, ఆ ఏడాది మీకు చాలా బరువవుతుంది. రాస్తే ఒక్క ఏడాదేనని ముందే ఇంట్లో అందరి ముందూ చెప్పుకోండి. ఒకటి మూడై, ఇరవై ఒకటో ఏట ఇంటర్ సర్టిఫికెట్ ఒక్కటే చేత పట్టుకుని నా దగ్గరకు వచ్చిన పిల్లలను చూశాను, వారి ముఖాలు నేను మరచిపోలేదు. వ్యవసాయ డిగ్రీలో చేరి, పక్కన నీట్ రాయాలనుకుంటే, మధ్యలో మానేసినవారు ఏమైనా కట్టవలసి ఉంటుందేమో ప్రాస్పెక్టస్‌లో ముందే చదవండి.

నర్సింగ్ గురించి మీ మేడమ్ చెప్పిన మాటను ఇంట్లో తీసిపారేసిన తీరు నన్ను బాధపెట్టింది. మీ నాయనమ్మ ఎప్పుడైనా ఆసుపత్రిలో ఉండి ఉంటే, రాత్రిపూట ఆమెను పక్కకు తిప్పి పడుకోబెట్టింది ఎవరో మీ అమ్మను అడగండి. రోగి పక్కన ఉండే జీవితమే మీకు కావలసిందని తేలితే, దానికి భూమి అమ్మనక్కరలేని దారి ఇది, పైగా విదేశానికి దగ్గరి దారి కూడా. రాష్ట్ర కార్మిక శాఖ కింద పనిచేసే టామ్‌కామ్ సంస్థ నర్సులకు జర్మన్ భాష నేర్పించి ఆ దేశానికి పంపుతోంది. మనం డబ్బు కట్టి వెళ్లే విదేశం ఒకటి, జీతమిచ్చి పిలిచే విదేశం మరొకటి. పని కష్టం, నిలబడి చేయాలి, మన దగ్గర ప్రైవేటు ఆసుపత్రుల్లో తొలి జీతాలు తక్కువ. ఇవి తెలిసి ఎంచుకున్నా తప్పు కాదు, తెలిసి వద్దనుకున్నా తప్పు కాదు. చుట్టాలు ఏమనుకుంటారోనని వద్దనుకుంటేనే తరువాత బాధపడతారు.

తమ్ముని గురించి మీరు రాసిన మాట దగ్గర కాసేపు ఆగిపోయాను. భూమి తమ్మునిది, అందులోంచి మీ చదువుకు ఖర్చుపెడితే అతనికి తక్కువవుతుంది అన్న లెక్క మీ మనసులోకి ఎప్పుడు వచ్చిందో ఆలోచించండి. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి సమాన హక్కు మన తెలుగు నేల మీద 1980లలోనే చట్టమైంది. రెండెకరాలు అమ్మకూడదనడానికి ఆ చదువులోని గండం సరైన కారణం, మీరు ఆడపిల్ల కావడం కారణం కాదు. ఈ రెండూ కలిసిపోతే, మీరు ఏ దారిలో వెళ్లినా ఎవరికో బాకీ పడ్డట్టే బతుకుతారు.

మీ మేనమామ మీద కోపం తెచ్చుకోకండి, మేనకోడలు డాక్టరు కావాలన్న ఆశ ఆయనలో నిజమైనదే కావచ్చు. అందరి ముందూ కాదనకుండా, 66 నెలల లెక్కను, రసీదులోని ఖాళీ గీతను ఆయనకే చూపించి, “మామా, మీ దోస్తును వీటికి కాగితం మీద జవాబు ఇమ్మని అడగండి” అని చెప్పండి. జవాబు వస్తే మీకు మంచిది, రాకపోతే ఆయనకే అర్థమవుతుంది. నాయనతో మాత్రం మీరు ఒక్కరే, తోటలో ఉన్నప్పుడు మాట్లాడండి. అమ్మ మౌనానికి అర్థమేమిటో నాకు తెలియదు, మీరూ ఊహించకండి, అడగండి. పెళ్లి గురించిన భయమో, అప్పు భయమో, బిడ్డ దూరమవుతుందన్న దిగులో, ఏదైనా అది బయటికి వస్తేనే దానికి జవాబు చెప్పగలుగుతారు.

ఇక ఈ వారంలో చేయవలసిన పని ఒకటుంది. వ్యవసాయ, ఉద్యాన కోర్సుల కౌన్సెలింగ్ ప్రకటన కోసం విశ్వవిద్యాలయం వెబ్‌సైటు రోజూ చూస్తూ, స్టడీ సర్టిఫికెట్లు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు సిద్ధం చేసుకోండి. దరఖాస్తు చేసినంత మాత్రాన చేరాలని లేదు, చేయకపోతే మాత్రం ఎంచుకోవడానికి మిగలదు. రైతు కోటాకు భూమి ఉన్నట్టు రుజువుగా పట్టాదారు పాసుపుస్తకం చూపించాలి. బేరం కోసం నాయన దాన్ని బయటికి తీసి ఉంటే, కౌన్సెలింగ్ అయ్యేదాకా బీరువాలోనే ఉంచమని అడగండి.